వంకర చేప, నూనె తెట్టు: అరవై ఏళ్ళ కథ

ఈ పోస్టు కాస్త పెద్దదే. మేత వేసొచ్చాక గట్టు మీద తీరిగ్గా కూర్చున్నప్పుడు చదువుకోండి.

పోయిన పట్టుబడిలో జరిగింది ముందు చెప్తాను. పండుగప్ప చెరువు పట్టాం. కాటా దగ్గర వ్యాపారి మనిషి ఒక్కో చేపనీ చేత్తో తడిమి కొన్నిటిని పక్క ట్రేలోకి విసురుతున్నాడు. ఏంటా అని చూస్తే అన్నీ వంకర చేపలు. నడుం దగ్గర కుంగిపోయి, నులక వదులైన మంచంలా ఉన్నాయి. తలా తోకా పైకి, మధ్యలో పల్లం. "ఇవి లోకల్‌కేనండి, సగం రేటు" అన్నాడు. మేత మాత్రం అవి సగం రేటుకి తినలేదు కదా!

చుట్టూ చేరినవాళ్ళు తలో మాటా అన్నారు. ఒకాయన నీళ్ళలో తేడా అన్నాడు. ఇంకొకాయన మేతలో కాల్షియం తక్కువన్నాడు. మా చిన్నాన్న అయితే "గ్రహణం నాడు సీడ్ వదిలుంటావురా" అని తేల్చేశాడు. నేను వంకరవి మూడు ఇంటికి తెచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాను. పొట్ట తీసి, వెన్నుముల్లు కిందనే అంటుకుని ఉండే గాలి తిత్తి కోసం చూశాను. మొదటి రెండింటిలో తిత్తి లేదు. ఉండాల్సిన చోట దారప్పోగులాంటి పొర ఒకటి ముడుచుకుని ఉంది, అంతే. మూడోదాంట్లో తిత్తి చక్కగా ఉబ్బి ఉంది. వంకర మాత్రం మూడింటికీ ఉంది.

ఇదేంటో తేలేదాకా నాకు నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్ళని అడిగాను, దొరికింది చదివాను. తేలిందేంటంటే, ఈ వంకరకి పెద్ద చరిత్రే ఉంది. అది మన చెరువులో మొదలైంది కాదు. జపాన్‌లో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న దేశాల్లో, మనకంటే ముందు ఈ దెబ్బ తిన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఎలా కనిపెట్టారో తెలిస్తే రేపు సీడ్ కొనేటప్పుడు మనకి నోరు లేస్తుంది. అందుకే రాస్తున్నాను.

హేచరీలు లేని రోజుల్లో సముద్రపు చేపని పెంచేవాళ్ళు పిల్లని సముద్రం నుంచే తెచ్చుకునేవాళ్ళు. ఇటలీలో వెనిస్ వైపు ఉప్పుటేరుల పక్కన 'వల్లి' అనే పెద్ద పెద్ద మడుగులుంటాయి. వసంతకాలంలో సముద్రం నుంచి లోపలికొచ్చే పిల్లని రానిచ్చి, తర్వాత దారి మూసి పెంచుకునేవాళ్ళు. వందల ఏళ్ళ పద్ధతి అది. మన దగ్గర కూడా టైగర్ రొయ్య కొత్తల్లో మొగల దగ్గర, కాలవల్లో వలలేసి పిల్ల ఏరి చెరువుల్లో వేసిన రోజులు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. అలా తెచ్చిన పిల్లలో వంకరది చాలా అరుదు. సముద్రంలో వంకరది పుట్టదని కాదు, పుడుతుంది. కానీ సరిగ్గా ఈదలేనిది తెల్లారేలోపు ఎవరి నోట్లోనో పడుతుంది. అంటే సముద్రమే గ్రేడింగ్ చేసి ఇచ్చేదన్నమాట, మన దగ్గర పైసా తీసుకోకుండా. హేచరీ తొట్టిలో తినేసే పెద్ద చేప లేదు. మేత నోటి దగ్గరికే వస్తుంది. కాబట్టి వంకరది కూడా బతుకుతుంది, మన దాకా వస్తుంది, కాటా ఎక్కుతుంది.

ఇక జపాన్ సంగతి. వాళ్ళకి మదాయ్ అని ఒక ఎర్ర చేప ఉంది. మన పెళ్ళిలో తాంబూలం ఎలాగో, వాళ్ళ శుభకార్యాల్లో అది అలాగ. 'మెదెతాయ్' అంటే వాళ్ళ భాషలో శుభం, మంగళం అని అర్థం. ఆ మాట చివర 'తాయ్' అని చేప పేరు వినపడుతుంది కాబట్టి అది శుభసూచకం. ముక్కలు కోయకుండా తలా తోకా ఉన్న నిండు చేపని పళ్ళెంలో పెడతారు. ఇప్పుడు ఆలోచించండి, ఆ పళ్ళెంలో నడుం కుంగిన చేప పెడితే పెళ్ళివారు ఏమంటారో! రుచిలో తేడా లేకపోవచ్చు. కానీ అక్కడ ఆకారానికే ధర.

వేట ఎక్కువైపోయిన సముద్రంలోకి పిల్లని పెంచి వదలాలని అక్కడి ప్రభుత్వం 1960లలో పని మొదలుపెట్టింది. సెటో లోతట్టు సముద్రం అని వాళ్ళకి దీవుల మధ్యన ఒక సముద్రం ఉంది, అక్కడ 1963లో దీనికోసమే ఒక సంఘం పెట్టారు. గుడ్లు పెట్టించడం, పొదిగించడం దాకా ఒక ఎత్తు. అసలు కష్టం ఆ తర్వాత. పొదిగిన పిల్ల 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. నోరు తెరిచేది మూడు నాలుగు రోజులకి. ఆ నోట్లో పట్టేది ఏది? మన రొయ్య హేచరీల్లో వాడే ఆర్టీమియా కూడా దానికి పెద్ద ముద్దే.

ఆ ముద్ద దొరికిన తీరు వింటే మీకు నవ్వొస్తుంది. జపాన్‌లో పాములా ఉండే ఈల్ చేపని చెరువుల్లో పెంచేవాళ్ళు. పచ్చగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి తేటబడిపోయి, ఆక్సిజన్ పడిపోయి ఈల్స్ చచ్చేవి. మన భాషలో బ్లూమ్ పడిపోవడం. దానికి ఒక కారణం రోటిఫర్ అనే కంటికి ఆనని పురుగు. అది పెరిగిపోయి నాచంతా తినేసేది. ఈల్ రైతుకి అది శనిగ్రహం. మియె అనే ప్రాంతంలో ఇతో అనే శాస్త్రవేత్త 1960లో ఆ పురుగునే సముద్రపు నీళ్ళలో పెంచే సంగతి రాశారు. కొన్నేళ్ళకే ప్రపంచంలో సముద్రపు చేపల హేచరీలన్నిటికీ అదే అన్నప్రాశన ముద్ద అయింది. ఒక చెరువులో శని, ఇంకో తొట్టిలో లక్ష్మి.

రోటిఫర్‌ని నాచుతో పెంచడం ఖర్చు, శ్రమ. రొట్టెలకి వాడే ఈస్ట్ వేస్తే చవగ్గా తొట్లు తొట్లు పెరిగింది. అయితే ఈస్ట్ తిన్న రోటిఫర్‌ని తిన్న చేపపిల్ల కుప్పలుగా చచ్చింది. ఎందుకని వతనబే అనే ఆయన, ఆయనతో పనిచేసినవాళ్ళు 1970ల నుంచి ఓపిగ్గా వెతికారు. సముద్రపు చేపకి తప్పకుండా కావాల్సిన ఒక రకం కొవ్వు (ఒమేగా 3 అంటున్నామే, ఆ జాతిది) ఈస్ట్‌లో లేదు. పురుగు కడుపులో లేనిది పిల్లకి ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని రోటిఫర్‌కి చేపనూనె పట్టించడం మొదలుపెట్టారు. నూనెని నీళ్ళల్లో గిలక్కొట్టి పురుగుకి తినిపించి, ఆ పురుగుని పిల్లకి వేయడం. చావు తగ్గింది. పిల్ల లక్షల్లో రావడం మొదలైంది.

ఈ నూనెని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పిల్ల లక్షల్లో వచ్చినప్పుడు వంకర కూడా లెక్కకొచ్చింది. నడుం కుంగిన మదాయ్. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు లార్డోసిస్, మనుషుల్లో నడుం లోపలికి పోతే అనే మాటే. నాగసాకిలో కితజిమ అనే శాస్త్రవేత్త, తోటివాళ్ళు దీని మీద పడ్డారు. వంకర చేపల్ని కోస్తే లోపల గాలి తిత్తి ఉబ్బి లేదు. 1981లో అచ్చయిన వాళ్ళ పరిశోధన తిత్తి ఉబ్బడానికీ నడుం వంకరకీ ఉన్న లంకె చూపించింది. నేను కత్తిపీట మీద చూసింది వాళ్ళు నలభై ఏళ్ళ కిందటే చూశారు.

ఇక్కడ కాసేపు ఆగి తిత్తి గురించి చెప్పుకోవాలి. కచిడి చేప లక్షల్లో పలికిందని పేపర్లో వస్తుంటుందే, ఆ ధరంతా ఈ తిత్తికే. మనిషికి అది సరుకు, చేపకి అది ప్రాణం. తిత్తిలో గాలి ఉంటే చేప నీళ్ళలో ఎక్కడ కావాలంటే అక్కడ కదలకుండా నిలబడగలదు. లేకపోతే రాయిలా కిందికి పోతుంది.

ఆ తిత్తిలోకి మొదటి గాలి ఎలా వస్తుంది? ఇది నాకు ఇన్నేళ్ళ సాగులో తెలియని సంగతి. మదాయ్, పండుగప్ప లాంటి చేపల పిల్ల పొదిగిన కొద్ది రోజులకే నీటి పైకి వస్తుంది. మూతితో నీటి పొరని పొడిచి ఒక చిన్న గాలి బుడగ మింగుతుంది. గొంతు నుంచి తిత్తికి అప్పుడు సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. ఆ దారిన గాలి తిత్తిలోకి పోతుంది. కొన్నాళ్ళకి ఆ గొట్టం మూసుకుపోతుంది. ఆ తర్వాత తిత్తిలో గాలి ఎక్కువ తక్కువలు చేప తన రక్తం నుంచే సర్దుకుంటుంది, కానీ ఆ మొదటి బుడగ పడితేనే. గొట్టం మూసుకునేలోపు గాలి మింగలేకపోయిన పిల్లకి ఇక జన్మలో తిత్తి లేదు. నారుమడి దాటిపోయిన నారు లాంటిదే, తర్వాత ఎన్ని ఎరువులేసినా అంతే. ఆ గడువు మొత్తం కలిపి వారం పది రోజులు. నీళ్ళ వేడిని బట్టి అటూ ఇటూ మారుతుంది. వేడి నీళ్ళల్లో ఇంకా తొందరగా అయిపోతుంది.

సరే, తిత్తి లేని పిల్ల చావాలి కదా? తొట్టిలో చావదు. మునిగిపోకుండా రాత్రీ పగలూ ఈదుతూనే ఉంటుంది. తల పైకి, తోక కిందికి ఏటవాలుగా పెట్టి, ఎక్కుడు రిక్షా తొక్కినట్టు తోక ఆడిస్తూనే ఉంటుంది. ఆగితే కిందికి జారుతుంది. ఎముకలింకా గట్టిపడని వయసు అది. వెన్నుముల్లుకి రెండు పక్కలా ఉన్న కండ ఆపకుండా లాగుతుంటే లేత వెన్ను వంగక ఏం చేస్తుంది? చిన్నప్పటి నుంచి మూటలు మోసిన పిల్లాడి వీపు చూసినవాళ్ళకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి పిల్ల గాలి ఎందుకు మింగలేకపోయింది? గాలి పైనే ఉంది కదా, అది నిండుకునేది కాదు. ఇక్కడికొస్తుంది మన నూనె.

కథ ఇప్పుడు మధ్యధరా సముద్రం ఒడ్డుకి పోతుంది. అక్కడ మదాయ్‌కి దగ్గరి చుట్టం గిల్ట్‌హెడ్ సీబ్రీమ్ అనే చేప. కళ్ళ మధ్యన బంగారు పట్టీ ఉంటుంది. దాంతోపాటు యూరప్ సీబాస్. 1970లలో ఫ్రాన్స్, ఇటలీ, ఇజ్రాయెల్ వాళ్ళు ఈ రెండింటినీ హేచరీల్లో పుట్టించడం నేర్చుకున్నారు. తర్వాత గ్రీసు వాళ్ళు అందరినీ దాటిపోయారు. నేర్చుకున్న పద్ధతిలో చాలామటుకు జపాన్‌దే. అదే రోటిఫర్, అదే నూనె. వంకర కూడా అదే వచ్చింది. ఎర్ర సముద్రం ఒడ్డున ఎయిలాత్‌లో పపెర్నా అనే ఆయన హేచరీ సీబ్రీమ్‌లో తిత్తి లోపం, ఎముకల వంకర రెండూ ఉన్నాయని 1978లోనే రాశారు.

ముడి విప్పి రైతుకి పనికొచ్చే పరికరం చేతిలో పెట్టిన పని ఎక్కువగా ఫ్రాన్స్‌లో జరిగింది. మాంట్‌పెల్లియే దగ్గర పలావాస్ అనే ఊళ్ళో వాళ్ళ ప్రభుత్వ సముద్ర పరిశోధన సంస్థ ఇఫ్రెమెర్‌కి ఒక కేంద్రం ఉంది. అక్కడ బెయాట్రిస్ షాటెన్ అనే ఆవిడ 1980లంతా ఈ తిత్తి వెనకాలే పడ్డారు. తొట్టి నీటి మీద కంటికి సరిగ్గా ఆనని జిడ్డు పొర ఒకటి పేరుకుంటుంది. రోటిఫర్‌కి పట్టించిన నూనె కొంత, మేత జిడ్డు కొంత, చచ్చిన పిల్లలు కుళ్ళి వచ్చేది కొంత. సాంబారు మీద తేలే నూనె తెట్టు లాంటిదే, దానికంటే ఎంతో పల్చన. మనకి అది లెక్కలోది కాదు. 4, 5 మిల్లీమీటర్ల పిల్లకి అదొక కప్పు. ఎన్నిసార్లు మూతితో పొడిచినా పగలదు. పైన గాలి, కింద పిల్ల, మధ్యన తెట్టు.

దానికి కనిపెట్టిన మందేంటో తెలుసా? మందు కాదు, ఇంజెక్షన్ కాదు. నీటి మీద తేలే చిన్న చట్రం ఒకటి, మూడు వైపులా మూసి ఒక వైపు తెరిచి ఉంటుంది. ఎదురుగా సన్నటి గొట్టం నుంచి మెల్లగా గాలి ఊదుతుంటే ఆ గాలికి తెట్టు జరిగి చట్రంలో పోగవుతుంది. దాన్ని రోజుకి కొన్నిసార్లు తీసి పారేయడం. మా అమ్మ పాల మీద మీగడని ఊది ఒక పక్కకి జరిపినట్టు. దీన్ని స్కిమ్మర్ అంటారు. సీబ్రీమ్‌లో తిత్తి ఉబ్బే శాతం దీంతో బాగా పెరిగిందని 1990లో అచ్చేశారు. చావు తప్పించడానికి వాడిన నూనె వంకర తెచ్చింది, ఆ వంకర పోవడానికి నూనె మానక్కర్లేదు, పైన తేలినదాన్ని తీస్తే చాలు. ఇంత చిన్న సంగతి దాకా రావడానికి రెండు దేశాల్లో ఇన్నేళ్ళు పట్టింది.

అదే బృందం ఇంకో పని చేసింది. తిత్తి లేని పిల్లని ముందే ఏరేసే ఉపాయం. పిల్లకి మత్తుమందు ఇచ్చి, ఉప్పు ఎక్కువున్న నీళ్ళల్లో వేస్తారు. ఈదడం ఆగిపోతుంది. తిత్తి ఉన్నది తేలుతుంది, లేనిది మునుగుతుంది. వడ్లు నీళ్ళల్లో పోసి తాలు తీసినట్టే, కాకపోతే ఇక్కడ తేలింది గింజ, మునిగింది తాలు. 1992లో ఈ పద్ధతి బయటికొచ్చింది. దీని తర్వాత హేచరీవాడు "వంకర మాకు తెలీదండి, పెరిగాక మీ చెరువులో వచ్చింది" అనడానికి అక్కడ వీల్లేకుండా పోయింది. ఏరే పద్ధతి ఉంది, ఏరలేదంటే అది వాడి తప్పే.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను నేను కూడా. కానీ నా మూడో చేప సంగతి? దానికి తిత్తి ఉంది కదా.

1990లలో క్రీటు దీవిలో (గ్రీసుది) దివానాక్ అనే ఆయన, తోటివాళ్ళు సరిగ్గా ఇదే చూశారు. తెట్టు తీస్తున్నారు, తిత్తి ఉంది, అయినా సీబాస్‌లో వంకర వస్తోంది. ఈసారి వంకర ఉన్న చోటు వేరు. తిత్తి లేనిదాని వంకర ముందు వైపు, పొట్ట పైన ఉంటుంది. తిత్తి ఉన్నదాని వంకర ఇంకొంచెం వెనక్కి, తోక వైపు వెన్నులో ఉంటుంది. కారణం వెతికితే నీటి ప్రవాహం. తొట్టిలో నీళ్ళు గుండ్రంగా తిరిగేలా పైపు పెడతారు, మురికి మధ్యకి చేరుతుందని. చేపకి ప్రవాహానికి ఎదురీదే అలవాటు. బతికున్న మేత నుంచి పొడి మేతకి మార్చే వయసులో ప్రవాహం ఎంత పెంచితే వంకర చేపలు అంత ఎక్కువ వచ్చాయని వాళ్ళు 1997లో అచ్చేశారు. 2002లో జపాన్ వాళ్ళు మదాయ్ పిల్లల్ని కావాలని ప్రవాహంలో గట్టిగా ఈదించి అదే వంకర తెప్పించి చూపించారు. తిత్తి ఉన్నా లేకపోయినా మూలం ఒకటే, లేత వెన్నుకి మించిన పని.

ఇది చదివాక ఒక సంగతి ఒప్పుకోవాలి. సీడ్ తెచ్చి నేరుగా చెరువులో వేయకుండా మొదట్లో కొన్నాళ్ళు సిమెంటు తొట్టిలో పెట్టి పెంచాను. ఆక్సిజన్ బాగుంటుందని మోటారు పైపు ఓరగా పెట్టి నీళ్ళు గిర్రున తిప్పాను. పిల్లంతా పైపుకి ఎదురుగా బారులు తీరి ఈదుతుంటే చూడముచ్చటగా ఉందని ఫోన్లో వీడియో కూడా తీశాను. ఆ మూడో చేప నా చేతి పనే అయ్యుండొచ్చు. హేచరీని తిట్టడానికి నోరు తెరిచినవాణ్ణి, సగం మూసుకున్నాను.

మిగతా కారణాలు కూడా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. విటమిన్ సి లేకపోతే వెన్ను వంగుతుంది, విరుగుతుంది. అమెరికాలో క్యాట్‌ఫిష్ మీద 1970లలోనే ఇది తేల్చారు. ఇప్పుడు మంచి మేతల్లో అది కలుపుతున్నారు. విటమిన్ ఎ అయితే ఎక్కువైనా ముప్పే. జపాన్‌లో బల్లపరుపుగా ఉండే ఫ్లౌండర్ చేపకి ఒంటి రంగు సరిగ్గా రావట్లేదని ఆర్టీమియాకి విటమిన్ ఎ పట్టించి వేస్తే రంగు వచ్చింది, మోతాదు మించితే వెన్నుపూసలు అతుక్కుపోయాయి. మళ్ళీ అదే కథ, ఒకదానికి మందు ఇంకోదానికి రోగం. గుడ్డు దశలో, తొలి రోజుల్లో నీళ్ళ వేడి తేడా వచ్చినా ఎముకలు దెబ్బతింటాయి. సీబ్రీమ్‌లో మొప్ప మూత పొట్టిదై లోపలి ఎర్రటి మొప్పలు బయటికి కనపడే లోపం చాలా మామూలు. వంశం పాత్ర లేదని కూడా అనలేం. కానరీ దీవుల్లో కొన్ని సీబ్రీమ్ కుటుంబాల్లోనే ఒక రకం మెలి వంకర రావడం గమనించారు. కాబట్టి మా చిన్నాన్న గ్రహణం తప్ప మిగతావాళ్ళు అన్నవాటిలో ఎంతో కొంత నిజం ఉందనే చెప్పాలి.

దివానాక్, ఆయనతో పనిచేసిన కెంతూరి అనే ఆవిడ ఇంకో దారి కూడా పట్టారు. చిన్న తొట్లలో పిల్లని కిక్కిరిసి పెంచే బదులు పెద్ద తొట్టిలో పల్చగా వదిలి, నీళ్ళల్లో సహజంగా పెరిగే సూక్ష్మజీవుల్ని కూడా తిననివ్వడం. తర్వాత ఇటలీ వాళ్ళు ఎక్స్‌రేలు తీసి పోల్చి చూస్తే, ఇలా పెరిగిన పిల్ల ఎముకలు సముద్రపు పిల్లకి దగ్గరగా ఉన్నాయి. లీటరుకి ఎన్ని పిల్లలు అనే లెక్కలో లాభం చూసుకునే హేచరీవాడికి ఇది రుచించదు. నాకైతే ఇదే సరైన దారి అనిపిస్తుంది. ఒత్తుగా పోసిన నారు ఎలా ఉంటుందో మనకి తెలుసుగా.

జపాన్ వాళ్ళ సంగతి ఒకటి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తికాదు. హేచరీ మదాయ్‌లకి ఇంకో లోపం వచ్చేది. చేపకి ఒక్కో పక్కన రెండేసి ముక్కు రంధ్రాలుంటాయి. హేచరీ పిల్లల్లో చాలావాటికి రెండింటి మధ్యన ఉండాల్సిన చర్మం లేక ఒకే రంధ్రంలా కలిసిపోయేది. ఈతకి అడ్డం కాదు, ధరకి అడ్డం కాదు. అయితే లక్షల్లో సముద్రంలోకి వదిలిన పిల్ల ఎంత బతికిందో తెలియాలంటే గుర్తు కావాలి. ఒక్కోదానికీ చీటీ కట్టలేరు. వేటగాళ్ళు తెచ్చిన మదాయ్ ముక్కు చూస్తే చాలు, హేచరీదో సముద్రానిదో తెలిసిపోయేది. కొన్ని చోట్ల ఆ లోపాన్నే లెక్కల పుస్తకంగా వాడుకున్నారు.

ఇక మన దగ్గరికి వద్దాం. పండుగప్ప హేచరీ పద్ధతి 1970ల మొదట్లో థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లాలో మొదలైంది. మన దేశంలో చెన్నై సిబా వాళ్ళు 1997లో పండుగప్పని హేచరీలో పుట్టించారు. 2007లో విశాఖ దగ్గర సముద్రంలో పంజరం వేసి సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. వాళ్ళు పెంచిందీ పండుగప్పనే. ఆ తర్వాత కొన్నేళ్ళకి అంతర్వేదిలో చెరువులో పాంపనో పెంచి చూపించారు. ఇవన్నీ మొదటి ముద్దకి రోటిఫర్ తినే చేపలే, పైకొచ్చి గాలి మింగాల్సినవే. అంటే జపాన్‌వాడి తెట్టు, క్రీటువాడి ప్రవాహం రెండూ మన సీడ్‌కీ వర్తిస్తాయి.

మన బాధల్లా ఏంటంటే, తప్పు జరిగేది మొదటి పది రోజుల్లో, మనం లేని చోట. డబ్బు కట్టేది అంగుళం రెండంగుళాల సైజులో, అప్పటికి లేత వంకర కంటికి దొరకదు. నష్టం తెలిసేది నెలల తర్వాత, మేతంతా తిన్నాక, కాటా దగ్గర. అప్పుడు హేచరీకి ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. నాకూ ఎత్తలేదు.

అందుకే ఈసారి సీడ్‌కి వెళ్ళినప్పుడు నేను చేసింది చెప్తాను. తొట్ల దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. "మొదటి వారంలో పైన తెట్టు తీస్తారా, దేంతో తీస్తారు?" అని అడిగాను. ఒక చోట కుర్రాడు తెల్లమొహం వేశాడు. ఇంకో చోట చట్రం తెచ్చి చూపించాడు. రెండో చోటే కొన్నాను. యాభై పిల్లల్ని తెల్లటి టబ్బులో తీసుకుని, గాలి గొట్టం ఆపి, నీళ్ళు నిలకడ అయ్యాక కాసేపు చూశాను. తిత్తి ఉన్నది ఊరికే నిలబడుతుంది. లేనిది తల ఎత్తి తోక కొట్టుకుంటూనే ఉంటుంది, ఆగితే అడుక్కి జారుతుంది. అలాంటివి రెండు కనపడ్డాయి. అనుమానమొచ్చి వాటితోపాటు మామూలువి ఎనిమిది కలిపి కోయించాను. ఆ రెండింటికే తిత్తి లేదు. హేచరీ ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, పది పిల్లల ఖరీదు నేనే ఇస్తానన్నాక ఊరుకున్నాడు.

ఇంటికొచ్చాక సిమెంటు తొట్టిలో పైపు మొహం గోడకి తిప్పాను. నీళ్ళు ఇప్పుడు గిర్రున తిరగట్లేదు. పిల్ల బారులు తీరి ఈదట్లేదు కూడా, చెల్లాచెదురుగా నిలబడి ఉంటోంది. వీడియోకి బాగోదు.

పట్టుబడి అయ్యాక వంకరవి ఎన్నొచ్చాయో లెక్క ఇక్కడే పెడతాను, మంచైనా చెడైనా. ఈలోపు మీ చెరువులో వంకర చేప కనపడితే పారేయకండి. పొట్ట కోసి తిత్తి ఉందో లేదో, వంకర ముందుందో వెనకుందో చూసి, ఫలానా సైజులో తెచ్చిన సీడ్ అని కింద రాయండి. హేచరీ పేరు వద్దు, గొడవలొద్దు. కోయడం రాకపోతే ఐస్‌లో పెట్టి మా ఇంటికి తీసుకురండి, కత్తిపీట వేసి కూర్చుంటాను.